పని లేకుండా పట్నం



మన సిరిసిల్ల దిక్కు పట్నం పోవాలంటే ఏదో ఒక పని ఉండాలి. నిమ్స్‌లో చూపించుకోవాలి, నీలోఫర్‌కు పిల్లను తీసుకుపోవాలి, పరీక్ష రాయాలి, పెళ్లి బట్టలు కొనాలి. గంభీరావుపేట, ముస్తాబాద్, ఎల్లారెడ్డిపేట, అటు కోరుట్ల, జగిత్యాల ఊళ్లకు ఇంకో పని కూడా ఉంది. అది శంషాబాద్. దుబాయ్‌కో మస్కట్‌కో పోయే మనిషిని సాగనంపడానికి ఇంటిల్లిపాదీ బండెక్కుతారు. 2008 మార్చిలో ఆ విమానాశ్రయం తెరిచిన నాటి నుంచి మన పిల్లల్లో చాలామందికి హైదరాబాద్ అంటే రింగు రోడ్డు మీది దీపాలు, ఒక అద్దాల తలుపు, ఆ తలుపు అవతలికి పోతున్న నాన్న వీపు. తిరుగు దారంతా నిద్రే.

ఆ నాన్న సెలవు మీద వచ్చినప్పుడు "ఈసారి పిల్లలకు పట్నం చూపిద్దాం" అంటాడు. తిప్పలు అక్కడ మొదలవుతాయి. సెలవే కొద్ది. అందులో పొలం గొడవలు, బ్యాంకు పనులు, చుట్టాల పెళ్లిళ్లు పోను మిగిలేది రెండు మూడు రోజులు. దొరికిందే అదను అని ఒక పట్టీ రాసుకుంటారు. చార్మినార్, గోల్కొండ, జూ పార్కు, సాలార్‌జంగ్, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, రామోజీ ఫిల్మ్‌సిటీ, చివర్లో ఒక పెద్ద మాల్. నాలుగేళ్ల పిల్లకు ఈ పట్టీ తెలియదు. ఆమెకు తెలిసింది కాళ్లు నొప్పులు పుట్టడం, ఆకలి కావడం, నిద్ర రావడం. మూడో చోటికి పోయేసరికి ఏడుపు ఎత్తుకుంటుంది. తల్లి తండ్రిని అంటుంది, తండ్రి పిల్లను అంటాడు. ఇంటికొచ్చాక అందరికీ గుర్తుండేది ఆ ఏడుపే.

అందుకని ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఒక్క మాటే. ఐదారేళ్ల లోపు పిల్లలున్న ఇంటికి పట్నంలో రోజుకు ఒక్క చోటు చాలు. పొద్దున ఆ చోటు. మధ్యాహ్నం బువ్వ, నిద్ర. సాయంత్రం ఒక తోటలోనో నీళ్ల ఒడ్డునో ఊరికే కూర్చోవడం. ఇంతకు మించి పెట్టుకోవద్దు. ఊరికొచ్చాక అడిగేవాళ్లు ఎలాగూ అడుగుతారు. "గంత దూరం పోయి గోల్కొండ చూడలేదా?" అని వాడకట్టంతా ఆశ్చర్యపోతుంది. పోనివ్వండి. గోల్కొండ ఎక్కడికీ పోదు. పిల్ల పదేళ్లదైనప్పుడు తనే మెట్లెక్కుతుంది, మీకంటే ముందు ఎక్కుతుంది.

పిల్లలు మరీ చిన్నవాళ్లయితే, రెండేళ్లూ మూడేళ్లూ అయితే, అసలు హైదరాబాద్ దాకా ఎందుకని అడుగుతాను. సిద్దిపేట కోమటి చెరువు ఉంది. కట్ట మీద నడక, పడవ, ఊగే వంతెన, ఆడుకునే స్థలం అన్నీ ఒక్కచోటే. పొద్దున పోయి పొద్దు గూకే లోపల ఇల్లు చేరవచ్చు. ఆ వయసు పిల్లకు అదే పట్నం.

దానికంటే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. మన గంభీరావుపేట మండలంలోనే నర్మాల ఉంది, ఎగువ మానేరు ప్రాజెక్టు. నిజాం కాలంలో కట్టిన ఆ కట్ట దగ్గరికి ఒక ఆదివారం పిల్లలను తీసుకుపోండి. మత్తడి దుంకుతున్న రోజుల్లో వద్దు, నీళ్లు నిమ్మళంగా ఉన్నప్పుడు పోండి. సద్ది కట్టుకుని పోయి ఒక పూట అక్కడ గడపండి. పిల్ల ఎంత దూరం నడిచింది, ఎప్పుడు ఎత్తుకోమంది, బస్సులో కక్కిందా, బయట బువ్వ తిన్నదా, కొత్తచోట కునుకు తీసిందా, ఇవన్నీ గమనించండి. పట్నంలో ఏం చేయగలుగుతారో, ఏం చేయలేరో ఆ ఒక్క పూటలో తేలిపోతుంది. నర్మాలలో గంటకే విసిగిన పిల్లతో హైదరాబాద్‌లో రెండు రాత్రులు ఉండాలనుకుంటే ఆ విసుగును కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇక ప్రయాణం. మన జిల్లావాళ్లం రైలుకు దూరంగా పెరిగినవాళ్లం. పిల్లలకు రైలు అంటే పుస్తకంలో బొమ్మ. ఆ లోటు కొంత తీరింది. 2023 అక్టోబర్ 3న సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలు మొదలైంది. ప్రధాని నిజామాబాద్ సభ నుంచి జెండా ఊపారు. మనోహరాబాద్ నుంచి కొత్తపల్లి దాకా తలపెట్టిన 151 కిలోమీటర్ల లైనులో సిద్దిపేట దాకా వచ్చింది దాదాపు సగం. మిగతా సగం సిరిసిల్ల మీదుగా పోవాలి. అంతదాకా సిద్దిపేట పోయి ఎక్కాలి. లేదంటే కామారెడ్డి పోవాలి. అక్కడ నిజామాబాద్ దిక్కునుంచి వచ్చే రైళ్లు ఆగుతాయి. సిద్దిపేట రైలు గజ్వేల్, మనోహరాబాద్, మేడ్చల్, బొల్లారం మీదుగా తీరుబడిగా పోతుంది. బస్సు కంటే ఆలస్యమే. చిన్నపిల్లలతో పోయేవాళ్లకు ఆ ఆలస్యమే లాభం. సీటు నుంచి లేచి తిరగొచ్చు, కిటికీ దగ్గర నిలబడొచ్చు, పక్కవాళ్ల పిల్లలతో దోస్తీ కట్టొచ్చు. టాయిలెట్ ఉంటుంది. ఆ ఒక్క సౌకర్యం విలువ ఏంటో మూడేళ్ల పిల్లతో బస్సులో పోయిన తల్లికి తెలుసు. బయల్దేరే ముందు స్టేషన్‌లో వేళలు కనుక్కోండి, రోజుకు నడిచే రైళ్లు తక్కువ.

బస్సుకు దాని లాభం దానికుంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆడపిల్లలకూ లేదు. ఐదేళ్ల లోపు పిల్లలెవరికీ టికెట్ అక్కర్లేదు, పన్నెండు దాకా మగపిల్లలకు అర టికెట్. అంటే నాయనమ్మ, తల్లి, తండ్రి, ఇద్దరు ఆడపిల్లలు పోతే ఇంటికి పడే ఖర్చు తండ్రి టికెట్ ఒక్కటే. ఆడవాళ్లు ఆధార్ మర్చిపోవద్దు. కక్కే అలవాటున్న పిల్లను ముందు సీట్లలో కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఖాళీ కడుపుతోనూ, పూరీలు మింగించీ ఎక్కించవద్దు. రెండు ఇడ్లీలో ఇంత పెరుగన్నమో చాలు. సంచిలో పాలిథిన్ కవర్లు, నిమ్మకాయ, మన సిరిసిల్ల తువాలలు రెండు పెట్టుకోండి. ఆ తువాలతో ఎండకు గొడుగు, చలికి దుప్పటి, మూతి తుడుచుకోను గుడ్డ, నిద్రపోతే పక్క, నాలుగు పనులూ అవుతాయి. పిల్లలను తోసుకుపోయే చక్రాల బండి మాత్రం వద్దు. హైదరాబాద్ ఫుట్‌పాత్‌ల మీద దాన్ని మీరే మోయాల్సి వస్తుంది.

ఎక్కడ దిగాలన్నది పెద్ద ప్రశ్న. మనకు కూకట్‌పల్లిలో ఒక చిన్నమ్మ, ఉప్పల్‌లో ఒక బావ లేకుండా ఉండరు. వాళ్లింట్లో దిగితే డబ్బు మిగులుతుంది, ఇంటి బువ్వ దొరుకుతుంది. నిజమే. కానీ కూకట్‌పల్లి నుంచి జూ పార్కు పోవాలంటే ఊరు ఒక చివర నుంచి ఇంకో చివరకు దాటాలి. పైగా మర్యాదలు. చిన్నమ్మ కోడిని తెప్పిస్తుంది, బాబాయ్ ఆఫీసు నుంచి వచ్చేదాకా ఎవరూ విస్తరి ముందు కూర్చోరు, తినేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. పిల్లలు మర్నాడు పది దాకా లేవరు. ఆ రోజు అక్కడికే పోయింది. నా సలహా వినండి. రెండు రాత్రులకు లక్డీకాపూల్, నాంపల్లి దిక్కు ఒక మామూలు లాడ్జి గది తీసుకోండి. లిఫ్టు, వేడినీళ్లు, రోడ్డు వైపు కాని కిటికీ, ఈ మూడూ చూసుకోండి. అక్కడి నుంచి పబ్లిక్ గార్డెన్స్, బిర్లా మందిర్, హుస్సేన్‌సాగర్ అన్నీ దగ్గర. మెట్రో స్టేషన్లు దగ్గర. చిన్నమ్మకు కోపం రాకుండా తిరుగు ప్రయాణానికి ముందు ఒక పూట భోజనానికి పోండి. అది కూడా మధ్యాహ్నం భోజనం.

మెట్రో అన్నాను కదా, పిల్లలకు అదే ఒక చూడదగ్గ చోటు. 2017 నవంబర్‌లో మియాపూర్, నాగోల్ మధ్య మొదలై, మూడు దారుల్లో 69 కిలోమీటర్లకు పెరిగింది. మన కరీంనగర్, సిద్దిపేట బస్సులు ఆగే జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఎంజీబీఎస్ పోయే ఆకుపచ్చ లైను 2020 ఫిబ్రవరి 7న తెరిచారు. బస్సు దిగిన పిల్ల పైకి పోయి రైలెక్కుతుంది, ఇళ్ల కప్పుల మీదుగా పోతుంది, కింద బస్సులు, ఆటోలు బొమ్మల్లా కనబడతాయి. ఆఫీసుల వేళ, అంటే పొద్దున తొమ్మిది పది మధ్య, సాయంత్రం ఆరు ఏడు మధ్య మాత్రం ఎక్కవద్దు. ఆ గుంపులో పిల్లకు కనబడేవి మోకాళ్లే.

ఇప్పుడు జూ పార్కు. పిల్లలతో పోయినప్పుడు ఒక్కటే చూడగలమంటే నేను దీన్నే చెబుతాను. నెహ్రూ జూలాజికల్ పార్కు 1963 అక్టోబర్ 6న తెరిచారు. మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాలు. మన లెక్కలో చెప్పాలంటే ఒక చిన్న ఊరి శివారంత. అంత చోటును పిల్లలతో కాలినడకన చుట్టి రావాలనుకోవడమే తప్పు. ఇంట్లోనే పిల్లను అడగండి, ఏ జంతువులు చూస్తావని. ఏనుగు, పులి, జిరాఫీ అంటుంది. ఆ మూడూ చూపించండి. మిగతావి దారిలో కనబడితే కనబడతాయి. గేటు తెరిచే వేళకు చేరుకుంటే ఎండ ముదరక ముందు జంతువులు లేచి తిరుగుతుంటాయి. మధ్యాహ్నానికి పులి కూడా మన తాతలాగే చెట్టు కింద పడుకుంటుంది, లేపినా లేవదు. లోపల తిరగడానికి బ్యాటరీ బండ్లున్నాయి, బొమ్మ రైలు ఉంది. బ్యాటరీ బండి టికెట్ దగ్గర పైసలు చూసుకోవద్దు. ఆ డబ్బు మిగిల్చిన తండ్రి రెండు గంటల తర్వాత ఇద్దరు పిల్లలను భుజాన మోస్తాడు.

అక్కడ నిశాచర జంతువుల ఇల్లు ఒకటుంది. దాని సంగతి కొంచెం చెప్పాలి. గుడ్లగూబ, పునుగు పిల్లి వంటివి రాత్రి తిరిగే జీవాలు, పగలు పడుకుంటాయి. చూడవచ్చేవాళ్లమేమో పగలే వస్తాం. అందుకని ఆ ఇంట్లో పగలును రాత్రిగా మార్చారు. రాత్రంతా గట్టి దీపాలు వెలిగిస్తారు, తెల్లారిందనుకుని జంతువులు నిద్రపోతాయి. పగలు దీపాలు తగ్గించి వెన్నెలంత వెలుతురు ఉంచుతారు, రాత్రయిందని లేచి తిరుగుతాయి. ఐదారేళ్ల పిల్లకు ఇది చెప్పి తీసుకుపోతే కళ్లింత చేసుకుని చూస్తుంది. మూడేళ్ల పిల్ల చీకటికి జడుసుకుని కొంగు పట్టుకుంటుంది. మీ పిల్ల ఏ రకమో మీకే తెలుసు. ఏడిస్తే వెంటనే బయటికి రండి, టికెట్ కొన్నాం కదా అని లోపల నిలబెట్టవద్దు.

జూ చూసిన రోజు ఇంకేదీ పెట్టుకోవద్దు. ఒంటిగంటకల్లా బయటపడి, గదికొచ్చి, తినిపించి పడుకోబెట్టండి. నాన్న కూడా పడుకోవచ్చు. గల్ఫ్‌లో పన్నెండు గంటల డ్యూటీ చేసే మనిషికి కొడుకు పక్కన మధ్యాహ్నం ఒక కునుకు తీసే భాగ్యం ఏ జూ పార్కు కంటే తక్కువ కాదు.

సాయంత్రం హుస్సేన్‌సాగర్ ఒడ్డు. లుంబినీ పార్కు నుంచి బుద్ధుడి దగ్గరికి పడవలు పోతాయి. దాదాపు 58 అడుగుల ఒంటి రాతి విగ్రహం. పిల్లలకు కొలతలు పట్టవు, కథ పడుతుంది. ఆ రాతి బుద్ధుణ్ణి పడవ మీద తీసుకుపోతుంటే 1990 మార్చిలో నీళ్లలోకి జారిపోయాడు, రెండేళ్లకు పైగా చెరువు అడుగున పడుకున్నాడు, 1992 డిసెంబర్ 1న పైకి తెచ్చి నిలబెట్టారు. ఇంతవరకు చెప్పండి. ఆ రోజు మనుషులు కూడా మునిగిపోయారు, ఆ సంగతి పెద్దయ్యాక తెలుసుకుంటారు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ వేయమని అడగండి. పిల్ల కొలతది లేదంటే ఎక్కవద్దు, ఒడ్డున కూర్చుని మక్క కంకి తినండి.

రెండో పొద్దుకు రెండు దారులున్నాయి. ఒకటి సాలార్‌జంగ్ మ్యూజియం. 1951లో తెరిచిన ఈ మ్యూజియంలో వేల వస్తువులున్నాయి, వాటితో మనకు పని లేదు. మనం పోయేది ఒక్క గడియారం కోసం. అందులో ఒక కమ్మరి నిమిషానికి కాదు, ప్రతి సెకనుకు సుత్తితో కొడుతుంటాడు. గంట నిండే ముందు తలుపు తెరుచుకుని గడ్డపు బొమ్మ ఒకడు బయటికొస్తాడు, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. పన్నెండుకు పన్నెండు దెబ్బలని అందరూ అప్పుడే ఎగబడతారు. మీరు పదకొండుకు పోండి. ఒక్క దెబ్బ తగ్గితే కొంప మునగదు, పిల్లలకు ముందు చోటు దొరుకుతుంది. ఆ దెబ్బలను పిల్లతో లెక్కపెట్టించండి. ఆ తర్వాత ఆటబొమ్మల గది చూసి వచ్చేయండి. ముసుగు రెబెకా విగ్రహం అద్భుతమే, పెద్దలకు అద్భుతం. తల్లీ తండ్రీ వంతుల వారీగా పోయి చూసి రావచ్చు.

ఇంకో దారి బిర్లా సైన్స్ మ్యూజియం. ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1985లో ప్రారంభించిన నక్షత్రశాల పక్కనే ఉంది. అక్కడ ఒక డైనోసార్ ఎముకల గూడు నిలబెట్టారు. దాని పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. పేరులోనే ఊరుంది చూశారా. అది సినిమాలోదీ కాదు, అమెరికాదీ కాదు. మన ఉత్తర తెలంగాణదే. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర ప్రాణహిత, గోదావరి లోయలో దొరికిన ఎముకలు. యాదగిరి అనే శాస్త్రవేత్త 1988లో దానికి పేరు పెట్టి లోకానికి చెప్పారు. టీవీలో చూసి డైనోసార్ల పేర్లు అప్పజెప్పే ఆరేళ్ల పిల్లగాడికి "ఇది మన గోదావరి ఒడ్డుది" అని చెప్పి చూడండి. ఇక వాడిని అక్కడి నుంచి కదిలించడం మీ తరం కాదు. నక్షత్రశాల ఆట మాత్రం చీకట్లో, కుర్చీలో కదలకుండా కూర్చోవాలి. ఐదేళ్ల లోపు వాళ్లతో వద్దు. పక్కనే నౌబత్ పహాడ్ మీద తెల్ల రాతి బిర్లా మందిర్. 1976లో కట్టిన ఆ గుడిలో గంటలు ఉండవు, ధ్యానానికి అడ్డమని పెట్టలేదు. గంట కొట్టడానికి ఎత్తుకొమ్మని అడిగే పిల్లకు ఆ మాట ముందే చెప్పండి. ఫోన్లు కింద అప్పజెప్పాలి. ఆ గంటసేపు నాన్న చేతిలో ఫోన్ ఉండదు, ఇంటివాళ్లకు అదొక లాభం.

చార్మినార్‌ను కింది నుంచే చూపించండి. లోపల 149 మెట్లు, సుడి తిరిగే ఇరుకు దారి, ఎత్తుకుని ఎక్కేది కాదు. ఫిల్మ్‌సిటీ ఈసారికి వద్దు. దూరం, రోజంతా ఎండ, వరుసలు. మాల్ అంటారా, మాల్‌లో చల్లగాలి తప్ప పిల్లకు దక్కేది ఏడుపే, ప్రతి అంగట్లో బొమ్మ కనబడుతుంది కనుక.

కాలం సంగతి. ఎండాకాలం సెలవుల్లో వద్దే వద్దు. దసరా సెలవులైతే బతుకమ్మ పనులు, బస్సుల్లో జనం. సంక్రాంతి సెలవులు మేలు, వాతావరణం చల్లగా ఉంటుంది. కానీ ఆ రోజుల్లో నాంపల్లిలో నుమాయిష్ నడుస్తుంటుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఆ ఎగ్జిబిషన్ ఇప్పుడు ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. పిల్లలకు ఇష్టమే, రంగులరాట్నాలు, చిన్న రైలు ఉంటాయి. పండుగ రోజు, ఆదివారం తప్ప మామూలు రోజున, తెరవగానే పోయి దీపాలు పెట్టాక ఒక చుట్టు తిరిగి వచ్చేయండి. రాత్రి జనంలో చెయ్యి వదిలితే పిల్ల దొరకడం కష్టం. బయల్దేరే ముందు పిల్ల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి, ముంజేతి మీద బాల్‌పెన్నుతో కూడా రాయండి. ఆ రోజు వేసిన బట్టలతో ఒక ఫోటో తీసి ఉంచుకోండి. తప్పిపోతే 100, లేదా పిల్లల సహాయానికి 1098.

తిండి గురించి ఒక్క మాట. హైదరాబాద్ పోయి బిర్యానీ తినకుండా రావద్దు, అది పెద్దవాళ్లు తినాలి. పిల్లలకు ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు, ఇంటి నుంచి తెచ్చిన సకినాలు. నీళ్లు మూత ఉన్నవే తాగించండి, సంచిలో ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు ఉంచండి.

గల్ఫ్ నుంచి వచ్చే అన్నలకు, తమ్ముళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. టికెట్ ఖాయం కాగానే ఆ రెండు మూడు రోజులు ముందే పక్కన పెట్టండి, సెలవు చివరికి నెట్టవద్దు. చివరి వారంలో పట్నం పోతే పిల్లల కళ్లకు అది మళ్లీ శంషాబాద్ దారే అవుతుంది. వచ్చిన మొదటి పదిహేను రోజుల్లోనే పోయి రండి. రోజులు ఎంచుకునేటప్పుడు క్యాలెండర్ చూసుకోండి: సోమవారం జూ పార్కు ఉండదు, శుక్రవారం సాలార్‌జంగ్ ఉండదు.